చేటెడు తవుడు

పిల్ల ఏడుస్తోంది. నోరు తెరుచుకుంది, పొట్ట ఎగిసిపడుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. శబ్దం మాత్రం రావడం లేదు.

రూతు పెరట్లో, పంచకి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. రాజమండ్రిలో నాలుగేళ్ళు నర్సు పని నేర్చుకుని వచ్చినా పేట మనిషి పేట మనిషే. పంచ ఎక్కకూడదు, పిల్లను ముట్టుకోకూడదు. అందుకని తన చేతులు చెయ్యాల్సిన పనిని మాటలతో చేయిస్తోంది.

"పాదం మీద బొటనవేలితో నొక్కండి అమ్మాయిగారూ. అయిదు లెక్కపెట్టి తియ్యండి."

పిల్ల తల్లి చిన్నమ్మాయి నొక్కింది. పెదవులు కదుపుతూ అయిదు లెక్కపెట్టి వేలు తీసింది. పిల్ల పాదం మీద గుంట పడింది. అది పూడేలోగా రూతు మనసులో ఇరవై లెక్కపెట్టింది.

నాలుగు రోజులుగా పాలు కక్కుతోందని, గొంతు నిన్నటి నుంచి పోయిందని చిన్నమ్మాయి చెప్పింది. తన కాళ్ళ సంగతి తనంతట తను చెప్పలేదు. రూతు అడిగితే, అరికాళ్ళు మొద్దుబారాయని, లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందని అంది.

పిల్లకి డెబ్బై రెండు రోజులు. పేరు తవిటమ్మ. దీనికి ముందు పుట్టిన మగపిల్లాడు, ఆడపిల్ల ఇద్దరూ మూడో నెల దాటలేదు. ఇద్దరికీ ముందు గొంతు పోయింది, తర్వాత పాదాలు నీరుపట్టాయి, ఆ తర్వాత ఒక్క పూటలో ప్రాణం పోయింది. అందుకే ఈ పిల్ల పుట్టగానే పొరుగింటావిడ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. మర్నాడు, నా పిల్లను మీరే పెంచండని తిరిగి అప్పగించింది. తవుడికి అమ్ముడుపోయిన పిల్లకి విలువ ఉండదు, విలువ లేనిదాన్ని చావు పట్టుకుపోదు. ఆ తవుడు గేదె తొట్లోకి పోయింది. పిల్లకి పేరు మిగిలింది.

వంటింట్లోంచి అప్పాయమ్మ కంచం పట్టుకుని వచ్చింది. చిన్నమ్మాయికి అత్తగారు. భర్త పోయిన పన్నెండేళ్ళుగా ఆ ఇంటి తాళాలు ఆవిడ నడుముకే ఉన్నాయి. కంచం కోడలి ముందు పెట్టింది. తెల్లటి అన్నం, మీద నెయ్యి, పక్కన వెల్లుల్లి కారం. ఇంకేమీ లేదు.

రూతు ఆ అన్నం వంక చూసింది. కాకినాడలో ఆవిరి మిల్లు ఆడించి పడవ మీద వచ్చిన బియ్యం. మెతుకు మీద ఎక్కడా ఎరుపు గీత లేదు.

"అమ్మగారూ, అన్నం వార్చిన గంజి ఎవరికి పోస్తారండి?"

అప్పాయమ్మ తల తిప్పింది. "నా వంటింటి సంగతి నీకెందుకే? దొరసాని దగ్గర పని నేర్చావని, పిల్లను చూస్తావని రానిచ్చాను. మీ అమ్మ చెయ్యి పడ్డ ఇద్దర్నీ కాలవగట్టున పూడ్చిపెట్టాం. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు."

మళ్ళీ వస్తానని చెప్పి రూతు పెరటి దారిన బయటికి వెళ్ళింది.

*

పెనుగొండకి రెండు కోసుల దూరంలో, కాలవ ఒడ్డున ఉంది ఆ ఊరు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులవి. ఊరికి పడమట రైతుల ఇళ్ళు, తూర్పున కాలవగట్టు మీద పేట. పేటలో రూతు తల్లి ఏసమ్మ ముప్పై ఏళ్ళుగా మంత్రసాని. అప్పాయమ్మ కొడుకు వెంకన్న మొదటి ఇద్దరు బిడ్డలకి ఆవిడే బొడ్డు కోసింది.

గడిచిన గురువారం చావడిలో మునసబు అప్పారావు, వెంకన్న, మరో నలుగురు రైతులు కూర్చుని తీర్మానం చేశారు. ఏసమ్మ చెయ్యి మంచిది కాదు. ఇక ఆవిడ పడమటి వీధిలో అడుగు పెట్టకూడదు. మూడో పిల్లకి కూడా జరగరానిది జరిగితే కాలవగట్టు మీద ఆవిడ గుడిసె పీకించి ఊరు దాటిస్తారు. వచ్చే సోమవారం మళ్ళీ కూర్చుంటారు.

మూడో పిల్లకి బొడ్డు కోసింది ఏసమ్మ కాదు. పెనుగొండ నుంచి బండి కట్టి వేరే మంత్రసానిని తెచ్చారు. ఆ మాట చావడిలో ఎవరో అన్నారు. పిల్ల పుట్టిన రోజు ఏసమ్మ వీధిలో ఎదురుపడిందని వెంకన్న జవాబిచ్చాడు. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

కబురందుకుని రూతు రాజమండ్రి నుంచి పడవెక్కి వచ్చింది. వచ్చిన రోజు తల్లిని మొదట అడిగిన ప్రశ్న, బొడ్డు కోసేముందు కొడవలి నీళ్ళలో మరగబెట్టావా అని.

ఏసమ్మ అప్పుడు వడ్లు దంచుతోంది. రోకలి ఆపలేదు. "నీక్కూడా అదే కొడవలి. పేటలో అందరికీ అదే కొడవలి. మీరంతా బతికే ఉన్నారు కదే."

ఆ మాటకి రూతు సిగ్గుపడింది. తర్వాత ఆ మాటనే పట్టుకుంది. ఒకే చెయ్యి, ఒకే కొడవలి. పడమటి వీధిలో చచ్చిపోతున్నారు, పేటలో బతుకుతున్నారు. అలాంటప్పుడు దోషం చేతిలో ఎలా ఉంటుంది?

వెంకన్న ఇంటి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం తల్లి చెరిగిపోసిన బియ్యం ముందు కూర్చుంది. గుప్పెడు తీసుకుని వెలుతురులో చూసింది. గింజకి ఎర్రగా పొట్టు అంటుకుని ఉంది.

"ఇంకో దంపు వెయ్యవా?"

"ఎయ్యనే. ఇంకో దంపేత్తే నూక అవుద్ది, తవుడవుద్ది. మనకి మిగిలేదెంత?"

"అన్నం వారుస్తావా?"

ఏసమ్మ నవ్వింది. "గంజి పారబోసే ఇల్లా మనది?"

*

మర్నాడు రూతు పుస్తకం పట్టుకుని బయలుదేరింది. రాజమండ్రిలో రోగుల జ్వరం రాసుకోవడానికి ఇచ్చిన పుస్తకం అది. చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఏం తిన్నారని అడిగితే ఎవరైనా అన్నం అనే చెబుతారని ఆమెకి తెలుసు. అందుకని అలా అడగలేదు. బియ్యం ఎక్కడివి, ఎన్నిసార్లు కడుగుతారు, గంజి ఎవరికి పోస్తారు, పురుడయ్యాక పప్పు ఎన్నో రోజున తిన్నారు, ఆకుకూర ఎన్నో రోజున, మజ్జిగ ఎన్నో రోజున? ప్రతి ఇంట్లోనూ అవే ప్రశ్నలు, అదే వరసలో. పడమటి వీధిలో పెరటి గుమ్మాల దగ్గర నిలబడి అడిగింది. రెండిళ్ళవాళ్ళు తలుపు వేసుకున్నారు. ఒకావిడ, నీకెందుకంటూనే అన్నీ చెప్పింది. చెప్పడం అయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన పిల్లాడికి కూడా ముందు గొంతే పోయిందని అంది.

పేటలో ప్రశ్నలకి నవ్వారు. పథ్యమా అని ఒకామె ఆశ్చర్యపోయింది. పదిహేనో రోజున ఊడ్పులకి వెళ్ళానని, చద్దన్నం, తోటకూర, కాలవలో దొరికిన చేప, ఏది దొరికితే అది తిన్నానని చెప్పింది. పథ్యం పాటించే స్తోమతు మాకెక్కడిదమ్మా అంది.

సాయంత్రానికి రూతు దగ్గర రెండు పేజీలు నిండాయి. మిల్లు బియ్యం ఊళ్ళోకి వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో పడమటి వీధిలో గొంతుపోయి చనిపోయిన పసిపిల్లలు ఆరుగురు. అందులో ఏసమ్మ బొడ్డు కోసింది ఇద్దరికి. మిగతా నలుగురికీ పెనుగొండ మంత్రసాని కోసింది. ఆమె చెయ్యి గురించి ఏ చావడిలోనూ ఎవరూ మాట్లాడలేదు. పేటలో ఈ మూడేళ్ళలో ఏసమ్మ చేతి మీద పదిహేడు మంది పుట్టారు. ఒకడు జ్వరంతో పోయాడు. గొంతుపోయి పోయినవాళ్ళు ఎవరూ లేరు. ఆ పదిహేడు మందిని కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండో పేజీ అడుగున ఇంకో సంగతి ఉంది. అది రాసేటప్పుడు రూతు చెయ్యి ఆగింది. వెంకన్న ఇంట్లో మొదటి కాన్పుకి పథ్యం నలభై రోజులే. ఆ బిడ్డ పోయాడు, పథ్యం చాలలేదనుకున్నారు. రెండో కాన్పుకి మూడు నెలలు పెట్టారు. బియ్యం మూడుసార్లు కాకుండా అయిదుసార్లు కడిగారు. ఆ బిడ్డా పోయింది. ఇప్పుడు పిల్ల కూర్చునేదాకా పథ్యమే అన్నారు. మజ్జిగ కూడా మానిపించారు. ఆ సంగతులు పొరుగింటావిడ చెప్పింది, అప్పాయమ్మ ఎంత శ్రద్ధగా చేస్తుందో మెచ్చుకుంటూ చెప్పింది.

రూతు నేర్చుకున్న పుస్తకంలో బియ్యం గురించి ఒక్క ముక్క లేదు. చెడుగాలి గురించి, నీటి గురించి ఉంది. బియ్యం పొట్టుతోనే సత్తువ పోతోందని తను అనుకుంటున్నది నిజమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. తప్పయితే పిల్ల పోతుంది, తల్లి గుడిసె పోతుంది, పిల్ల నోట్లో ఏదో పోయించిందని తన మీద కూడా పడుతుంది.

*

బుధవారం ఉదయం వెంకన్న పొలం వెళ్ళేదాకా ఆగి రూతు పెరట్లోకి వెళ్ళింది. అప్పాయమ్మ గేదెకి కుడితి కలుపుతోంది. ఆ పని పాలేరుకి అప్పగించదు. మోచేతి దాకా తొట్లో పెట్టి తవుడు ఉండ కట్టకుండా వేళ్ళతో చిదుపుతోంది. పక్కన దూడ తాడు లాగి గంతులేస్తోంది. తవిటమ్మ పుట్టిన వారంలోనే అదీ పుట్టింది.

"దూడ బాగుందండి."

"బాగుండదూ మరి." అప్పాయమ్మ తొట్టి మీంచి తల ఎత్తలేదు. "ఈనిన గేదెకి తవుడు తగ్గకూడదు. నిరుడు మిల్లు పడవ ఇరవై రోజులు రాలేదు. వట్టి గడ్డి మీద ఉంచాం. ఆ దూడకి కాళ్ళు నిలవలేదు. పాలున్నాయి, పాలల్లో సత్తువ లేదు. తల్లి తినేదేగా పాలల్లోకి..."

వేళ్ళు ఆగాయి. తొట్లో నీళ్ళు మెల్లగా కదలడం మానేశాయి.

రూతు పుస్తకం తియ్యలేదు. అప్పాయమ్మ చెయ్యి బయటికి తీసి అంటుకున్న తవుడు రెండో చేత్తో దులుపుకుంది.

"ఏంటే నువ్వనేది?"

"నేనేమీ అనలేదండి. మీరే అన్నారు."

"కోడలికి కుడితి పట్టమంటావా? గేదెకి పెట్టేది మనిషికి పెట్టమంటావా?" గొంతు పెరిగింది. "మీ అమ్మను కాపాడుకోడానికి నా ఇంటి పిల్లను పశువుని చేస్తావా?"

"మా అమ్మను కాపాడుకోవాలనే వచ్చానండి. కాదనను. మా అమ్మ గుడిసె నిలవాలంటే మీ పిల్ల బతకాలి. మీకూ నాకూ కావలసింది ఒకటే."

తను చెప్పేది రూతు అప్పుడు చెప్పింది. జల్లెడ పట్టిన కొత్త తవుడు వేడినీళ్ళలో నానబెట్టి, గుడ్డతో వడకట్టి, ఆ నీళ్ళు ఉగ్గుగిన్నెతో పిల్లకి పూటకి నాలుగు చెంచాలు. తల్లికి తవుడు బెల్లంతో ఉండచేసి రెండు పూటలా. మిల్లు బియ్యం మాని దంపుడు బియ్యం, గంజి వార్చకుండా. పెసరపప్పు, తోటకూర. తను చేసిచ్చినది వాళ్ళు ముట్టరు కాబట్టి అన్నీ అమ్మగారి చేతుల మీదే జరగాలి. పథ్యం తీసేస్తే కోడలికి వాతం కమ్ముతుందని, పిల్లకి విరేచనాలు పడతాయని అప్పాయమ్మ అంది. ఆ మాటల్లో బెదిరింపు లేదు, భయం ఉంది.

పంచ మీద గోడకి ఆనుకుని కూర్చున్న చిన్నమ్మాయి అంతా వింటోంది. పెళ్ళయి ఆరేళ్ళలో ఆమె అత్తగారి మాటకి ఎదురు చెప్పింది లేదు. పిల్లను భుజానికి మార్చుకుంది.

"తవుడికే కదా అత్తయ్యా దాన్ని అమ్మారు," అంది. "ఆ తవుడేదో దానికే పట్టండి."

అప్పాయమ్మ కోడలి వంక చూసింది. పిల్ల నోరు తెరిచి ఏడుస్తోంది. శబ్దం లేదు. ఆవిడ రూతుని వెళ్ళమనలేదు, ఉండమనలేదు. తాళాలగుత్తి తీసుకుని తవుడు బస్తాలున్న గదిలోకి వెళ్ళింది.

*

బుధవారం పిల్ల ఆ నీళ్ళు రెండుసార్లు కక్కింది, మూడోసారి మింగింది. గురువారం మూలుగుతూనే ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ రోజు రూతు పొద్దుటి నుంచి పెరట్లో చింతచెట్టు కింద కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. మధ్యాహ్నం అప్పాయమ్మ వచ్చి పిల్ల ఊపిరి ఎగబీలుస్తోందని చెప్పింది. నాలుగు చెంచాలు ఆరు చెయ్యండి అని రూతు అంది. ఆరు ఎందుకో ఆమెకీ తెలియదు.

శుక్రవారం పాలు తాగి కక్కలేదు. శనివారం పాదం మీద గుంట పూడడానికి పది లెక్కపెట్టేసరికి సరిపోయింది. ఆదివారం పేటలో ప్రార్థన అయ్యాక రూతు వెళ్ళేసరికి చిన్నమ్మాయి గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. కంచంలో అన్నం ఎర్రగా ఉంది. దాని పక్కన తోటకూర.

"గేదె నావంక గుర్రుగా చూస్తోందే రూతూ," అంది చిన్నమ్మాయి. "దాని తవుడు తింటున్నానని."

పిల్ల అప్పుడు ఏడ్చింది. గొంతు పూర్తిగా రాలేదు. ఎండిన తాటాకు గీరినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. అప్పాయమ్మ ఉగ్గుగిన్నె కింద పెట్టి రెండు చేతులతో పంచ స్తంభం పట్టుకుంది. ఆవిడ సంతోషపడుతుందని రూతు అనుకుంది. ఆవిడ మొహంలో సంతోషం లేదు. పిల్ల వంక కాదు, గుమ్మం బయట, ముందు ఇద్దర్నీ పూడ్చిన కాలవగట్టు వైపు చూస్తోంది.

*

సోమవారం చావడి దగ్గర ఏసమ్మని కింద, ఎండలో నిలబెట్టారు. రూతు పక్కన నిలబడింది. పిల్ల కోలుకుంది కాబట్టి ఇక ఆ మాట ఉండదని రూతు అనుకుని వచ్చింది.

మునసబు అప్పారావు గొంతు సవరించుకున్నాడు. దేవుడి దయవల్ల వెంకన్న గారి పిల్ల గట్టెక్కిందన్నాడు. ఏసమ్మని వీధిలోకి రాకుండా కట్టడి చేసిన వారానికే గట్టెక్కింది. దీన్నిబట్టి తీర్మానం సరైనదేనని అందరికీ తెలిసింది. వీధి దాకా ఆపితేనే ఇంత మేలు జరిగినప్పుడు, ఊళ్ళో లేకుండా చేస్తే పూర్తిగా మంచిది. గుడిసె ఖాళీ చెయ్యడానికి మూడు రోజులు గడువు.

రైతులు తల ఊపారు. పిల్ల చనిపోతే గుడిసె పీకుతామన్నారు, బతికినా పీకుతున్నారు. రూతు పుస్తకం తెరిచింది. ఆరుగురు పిల్లల లెక్క చదవబోయింది. పేట ఆడమనిషి చావడిలో చదవడం ఏంటని వెంకన్న అడ్డుపడ్డాడు. నర్సమ్మా, ఆ పుస్తకం దొరసానికి చూపించుకో అని ఎవరో అంటే నవ్వారు. ఏసమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని, పదవే, అంది.

అప్పుడు పడమటి వీధి నుంచి అప్పాయమ్మ వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళు చావడికి రావడం ఎవరూ చూసి ఎరగరు. చేతిలో చేట ఉంది, చేటలో తవుడు ఉంది. మెట్టెక్కకుండా కింద, ఏసమ్మకి రెండు బారల దూరంలో ఆగింది. చేట మెట్టు మీద పెట్టింది.

"బుధవారం నుంచి నా కోడలు తింటున్నది ఇది," అంది మునసబుతో. "పిల్లకి పట్టిందీ ఇదే."

వెంకన్న లేచాడు. "అమ్మా, ఇంటికి పద."

"కూర్చోరా." గొంతు పెంచలేదు. "నీ పిల్లలకి బొడ్డు కోసిన చెయ్యి ఏదని అడిగారు. నీ పెళ్ళాం ఏం తిందని ఒక్కరూ అడగలేదు. అడిగితే నేనే చెప్పేదాన్ని. బియ్యం కడిగింది నేను. గంజి వార్చింది నేను. మొదటివాడు పోతే ఇంకాస్త కడిగాను." ఆవిడ తన కుడిచెయ్యి వంక చూసుకుంది. దాని మీద ఇంకా తవుడు అంటుకుని ఉంది. "ఏసమ్మ చెయ్యి కాదు మునసబు గారూ. ఆ ఇద్దర్నీ పొట్టన పెట్టుకున్న చెయ్యి ఇది. దీన్ని ఊరు దాటించండి."

మునసబు కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. ఇది ఇంటి విషయమని, ఇక్కడ తేల్చేది కాదని అన్నాడు. గుడిసె సంగతి మళ్ళీ ఎత్తలేదు. రైతులు ఒక్కొక్కరే దిగి వెళ్ళిపోయారు. ఏసమ్మతో తప్పయిందని ఒక్కరూ అనలేదు. తల్లి పక్కనుంచి వెంకన్న ఆవిడని తప్పించుకుని వెళ్ళాడు.

వారం రోజులుగా రూతు ఈ ముసలావిడ తల వంచడం చూడాలనుకుంది. ఇప్పుడు చూడలేకపోయింది. మీరు తెలియక చేశారండి అనబోయింది.

అప్పాయమ్మ ఆ మాట రానివ్వలేదు. చావడి మెట్టు మీద, చేట పక్కన కూర్చుంది. కూర్చోమని ఏసమ్మకి అవతలి వైపు చూపించింది. ఏసమ్మ ఒక్క క్షణం ఆలోచించి కింద మెట్టు మీద కూర్చుంది.

"ఆ పుస్తకంలో నా ఇల్లు రాశావా?"

"పొరుగువాళ్ళు చెప్పింది రాశానండి."

"వాళ్ళకేం తెలుసు. కొట్టేసి మళ్ళీ రాయి. నన్ను అడిగి రాయి."

రూతు పెన్సిలు తీసింది. కొత్త పేజీలో పైన అప్పాయమ్మ గారు అని రాసింది. బియ్యం ఎక్కడివి, ఎన్నిసార్లు కడిగేవారు, అని మొదటి నుంచి వరసగా అడిగింది. అప్పాయమ్మ మూడు కాన్పులకీ విడివిడిగా చెప్పింది, తడుముకోకుండా చెప్పింది. తర్వాతి ప్రశ్న దగ్గర రూతు పెన్సిలు ఆగింది. మొదటి రోజు పెరట్లో అడిగిన ప్రశ్న అది.

"గంజి ఎవరికి పోసేవారండి?"

"గేదెకి," అంది అప్పాయమ్మ.